ఇరవై నిమిషాలు, రెండు కాళ్ళు

నా పార్లర్ అద్దం మీద ఎర్ర రంగుతో రాయించిన మాటలివి: ‘ఇరవై నిమిషాలు, రెండు కాళ్ళు’. ఇరవై అంటే ఇరవయ్యే. ఇరవై ఒకటో నిమిషం దాకా నా మంచం మీద పడుకున్న మనిషి ఈ పదిహేనేళ్ళలో లేదు. వచ్చావా, పడుకున్నావా, నాలుగుసార్లు ‘అమ్మా’ అన్నావా, లేచి వెళ్ళావా, అంతే. ఈ వీధంతా నన్ను ఎక్స్‌ప్రెస్ అక్క అంటుంది. ఆ పేరంటే నాకెంత మోజంటే, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే రెండో పిలుపుకు గానీ పలకను.

అలాంటి నా పార్లర్‌కి ఒక పొద్దున్నే, ఇంకా కాళ్ళ వెంట్రుకలు తీసే వ్యాక్స్ హీటర్ కూడా వేడెక్కకముందే, మా అక్క కూతురు వచ్చింది. ఇంట్లో దాన్ని బుడగ అంటాం. చిన్నప్పుడు స్నానం చేయిస్తుంటే బకెట్లో మూతి పెట్టి బుడగలు ఊదుతూ కూర్చునేది, బయటికి లాగితే శోకాలు పెట్టేది. ఇప్పుడు ఇరవై రెండేళ్ళొచ్చాయి, నా కంటే జానెడు ఎత్తు పెరిగింది, అయినా బుడగే.

"పిన్నీ, ముందు ఆ తలుపు వెయ్యి," అంది లోపలికి వస్తూనే.

"ఏమైందే? ఎవరైనా తరుముకొస్తున్నారా?"

"వెయ్యి, చెప్తాను."

తలుపు వేశాను. అది పైజామా మోకాళ్ళ పైకి మడిచి మంచం మీద బోర్లా పడుకుంది. లైటున్న భూతద్దం లాగి చూశాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి! రెండు పిక్కల పక్కనా, మోకాళ్ళ వెనకా ఎర్రటి పొక్కులు. కొన్నిటి మధ్య నల్లటి చుక్క ఉంది. కొన్నిటి మీద చర్మం కింద మెలిక తిరిగిన వెంట్రుక కనిపిస్తోంది. కుడి పిక్క మీద రెండైతే చీము పట్టి ఉన్నాయి.

"ఈ రెంటినీ ఏం చేశావే?"

"లోపల వెంట్రుక కనిపిస్తుంటే సూదితో గెలికాను."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! సూదితో గెలుకుతారా ఎవరైనా!"

"నువ్వు వ్యాక్సింగ్ చేసి మూడు వారాలైంది పిన్నీ. పది రోజుల నుంచి ఒక్కొక్కటీ లేస్తున్నాయి. వాటంతటవే పోతాయనుకున్నా. ఇంక పదకొండు రోజులే ఉంది నా టెస్టుకి."

ఆ మాటతో భూతద్దం పక్కకు తోశాను.

ఆ టెస్టు సంగతి మా ఇంట్లో గోడలకు కూడా తెలుసు. పెద్ద స్విమ్మింగ్ పూల్‌లో లైఫ్‌గార్డులను తీసుకోవడానికి ఏడాదికి ఒక్కసారి పెడతారు. ఎనిమిదిసార్లు ఈ చివర నుంచి ఆ చివరకు ఈదాలి, ఆ తర్వాత అడుగున పడేసిన రబ్బరు బొమ్మను మునిగి పైకి తీసి ఒడ్డుకు చేర్చాలి. అంతా కలిపి ఆరు నిమిషాలు. పోయినేడు మా బుడగకి ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు పట్టింది. పన్నెండు సెకన్లు! నేను ఒక కాలికి పౌడరు అద్దేంత సేపు. ఆ రోజు అది ఏడ్చిన ఏడుపు నాకింకా చెవుల్లోనే ఉంది. అప్పటి నుంచి ఏడాది పొడుగునా తెల్లారకముందే లేచి ఈదింది. ఈ మధ్య ఐదు నిమిషాల యాభై సెకన్లలో వస్తోంది. ఇరవై మూడు నిండితే టెస్టుకి రానివ్వరు, అంటే దానికి ఇదే ఆఖరిసారి.

ఇక్కడొక చిక్కుంది. పూల్ గేటు దగ్గర నర్సు కూర్చుంటుంది. నీళ్ళలో దిగేవాళ్ళ చర్మం చూస్తుంది. పుండు ఉన్నా, అంటుకునే రోగం లాంటిది ఏదున్నా పేరు మీద అడ్డగీత గీసి వెనక్కి పంపేస్తుంది. ఎంత బతిమాలినా ఆవిడ వినదట.

"అడ్డగీత గీసేస్తుంది పిన్నీ," అంది బుడగ, దిండులో ముఖం పెట్టి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దాని మీద కాదు. నా చెయ్యి పడిన కాలికి పొక్కులొస్తాయా, అని. "ఇదంతా ఆ బిగుతు లెగ్గింగుల వల్లే! ఈత కాగానే తడి కాళ్ళకు తొడుక్కుంటావు. పైగా ఆ పూల్ నీళ్ళలో ఏం మందు కలుపుతారో ఏమో!" అని ఎడాపెడా తిట్టాను. తిడుతూనే డ్రాయర్‌లోంచి ప్లక్కర్ తీశాను. ఒక్కో వెంట్రుకా పట్టుకుని లాగేస్తే పది నిమిషాల పని. నా వేళ్ళు దురద పెడుతున్నాయి.

బుడగ చటుక్కున కాళ్ళు ముడుచుకుంది. "ఒద్దు పిన్నీ. రెండు గెలికితేనే ఇలా అయింది. డాక్టర్ దగ్గరికి పోదాం. ప్లీజ్."

అది ప్లీజ్ అంటే నేను కాదనలేను. దాని చిన్నప్పటి నుంచీ నాకున్న జబ్బు అది.

చర్మం డాక్టరమ్మ చిన్న మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆవిడ మాట పూర్తయ్యేలోపు నేనైతే ఒక చంక పూర్తి చేసేస్తాను. బుడగ కాళ్ళు చూసి, "వెంట్రుకలు లోపలికి పెరిగాయి. ఎలా తీయించుకున్నావమ్మా?" అని అడిగింది.

"వ్యాక్సింగ్," అన్నాను నేను, అది నోరు తెరవకముందే. "నేనే చేశాను. పదిహేనేళ్ళ అనుభవం నాది."

"ఎటు లాగుతారు మీరు?"

"కింద నుంచి పైకి. ఎక్కడైనా అంతే. సర్రున!" అని చెయ్యి గాల్లోకి ఎత్తి చూపించాను, గర్వంగా.

ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. బల్ల మీది పెన్ను తీసుకుని, బుడగ పిక్క మీద వెంట్రుక ఎటు పడుకుని ఉందో చూస్తూ చిన్న చిన్న బాణాలు గీయడం మొదలుపెట్టింది. కాలి ముందువైపు బాణాలన్నీ కిందికే ఉన్నాయి. నేను తల ఎగరేశాను. పిక్క పక్కకు వచ్చేసరికి బాణాలు పక్కకు తిరిగాయి. మోకాలి వెనకైతే చుట్టూ గిర్రున తిరిగాయి. ఆవిడ పెన్ను మూత పెట్టి పక్కకు జరిగింది.

నేను చూశాను. ఇంకోసారి చూశాను. పొక్కుల్లో ఒక్కటీ కాలి ముందువైపు లేదు. బాణాలు పక్కకు తిరిగిన చోటే, సరిగ్గా అక్కడే, గుంపులుగా ఉన్నాయి.

"వెంట్రుక పడుకున్న దారికి ఎదురుగా లాగితే వేరుతో వస్తుంది," అంది డాక్టరమ్మ. "ఇక్కడ అది పక్కకు పడుకుంది, మీరు పైకి లాగారు. అందుకే చర్మం లోపలే తెగిపోయింది. తెగిన ముక్క మళ్ళీ పెరిగేటప్పుడు పైకి రావడానికి దారి దొరక్క లోపలే మెలిక తిరుగుతుంది. ఇంకోటి, వ్యాక్స్ మీద అతికించిన పట్టీని గాల్లోకి ఎత్తకూడదు. ఒంటి వెంబడే లాగాలి, రెండో చేత్తో చర్మం బిగించి పట్టుకుని. మీరు పట్టుకోరా?"

"దానికి టైమెక్కడుందండీ, ఇరవై నిమిషాల్లో..." అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. తల కొట్టేసినట్టయింది. పదిహేనేళ్ళు! ఎన్ని పిక్కలు, ఎన్ని మోకాళ్ళు! మా వీధి టీచరమ్మ ప్రతి నెలా వచ్చి, "ఏమండీ, ఇక్కడ ఎర్రగా లేస్తున్నాయండీ," అంటే, "మీ చర్మమే అంతండీ," అని పంపించిన దాన్ని నేను.

బుడగ మాత్రం ఒక్కటే అడిగింది. "పదకొండు రోజుల్లో తగ్గుతాయా మేడమ్?"

"గెలకకుండా ఉంటే తగ్గొచ్చు. గోరు, సూది, ప్లక్కర్ దగ్గరికి రానివ్వకు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డ పొద్దునా సాయంత్రం పది నిమిషాలు వేసి ఉంచు. తర్వాత మెత్తటి గుడ్డతో గుండ్రంగా రుద్దు, నొక్కకుండా. రోజుకోసారి ఈ లోషన్ పల్చగా రాయి, చీము పట్టిన రెంటికీ ఈ ఆయింట్‌మెంట్. అవి మానేదాకా పూల్‌లో దిగొద్దు. వదులు బట్టలే వేసుకో. కాళ్ళ మీద వెంట్రుకలు మాత్రం ముట్టుకోకు. వ్యాక్సూ వద్దు, బ్లేడూ వద్దు, పెరగనివ్వు. ఆరో రోజు వచ్చి చూపించు."

ఇంటికొచ్చాక మా అక్క ఎదురొచ్చింది. "డాక్టరేమందే?"

నేను బుడగ వైపు చూడలేదు. "పూల్ నీళ్ళ వల్లనట," అన్నాను. "పైగా ఆ లెగ్గింగులు."

అంతే, మా అక్క కూతురి మీద పడింది. "నేను చెప్తే విన్నావా? తడి ఒంటికి ఆ బట్టలేంటే? ఏడాది కష్టం బూడిదలో పోసుకున్నావు కదే!" డాక్టరమ్మ గదిలో నా పక్కనే కూర్చుని అన్నీ విన్న పిల్ల, ఒక్క మాట బయటపెట్టలేదు. నాకు సిగ్గేసింది. అయినా నోరు రాలేదు, ఏం చెయ్యను? నా పార్లర్‌కి వచ్చే వాళ్ళలో సగం మంది మా అక్క స్నేహితురాళ్ళే.

ఇక మొదలైంది మా యుద్ధం! హీటర్ పాడైందని పార్లర్ తలుపు మీద కాగితం అంటించాను. పొద్దున్నే బుడగ వచ్చి మంచమెక్కేది. గుడ్డ ముంచు, పిండు, వెయ్యి, గడియారం చూడు. ఆ తర్వాత భూతద్దం పెట్టి ఒక్కోటీ లెక్కపెట్టేదాన్ని. మొదటి రోజు ముప్ఫై ఒకటి. రెండో రోజూ ముప్ఫై ఒకటే. మూడో రోజు ముప్ఫై మూడు!

"పెరిగాయా?" అని లేచి కూర్చుంది బుడగ.

"రెండంటే రెండు. అవి లోపల ముందే ఉన్నాయి, ఇప్పుడు కనిపిస్తున్నాయి, అంతే," అని ధైర్యం చెప్పాను. ఆ రోజు డ్రాయర్ వైపు మూడుసార్లు నడిచాను. నాలుగోసారి ప్లక్కర్‌ని తువ్వాలులో చుట్టి దాని చేతిలోనే పెట్టేశాను. "నువ్వే దాచెయ్, నాకు చెప్పకు ఎక్కడ పెట్టావో. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు." అది పడీ పడీ నవ్వింది. మూడు రోజుల తర్వాత దాని నవ్వు వినడం అదే.

పూల్‌లో దిగకూడదు కదా, చేతులు ఊరుకుంటాయా దానికి? గుడ్డ తీయగానే మంచం మీద బోర్లా పడుకుని గాల్లో ఈదేది. నేను ఫోన్‌లో టైము పెట్టి, "ఇంకో రౌండు! లాగు! లాగు!" అని కేకలు పెట్టేదాన్ని. ఒక రౌండులో దాని చెయ్యి తగిలి పౌడరు డబ్బా ఎగిరి గదంతా తెల్లబడింది. ఇద్దరం దగ్గుతూ నవ్వుతూ కింద కూలబడ్డాం. పక్క టైలర్ వచ్చి తలుపు కొట్టి, లోపల ఏం కూలిందని అడిగింది.

ఖాళీ దొరికినప్పుడల్లా నేను పెన్ను పట్టుకుని నా కాళ్ళ మీద బాణాలు గీసుకునేదాన్ని. నవ్వొద్దు. నలభై రెండేళ్ళుగా నాతోనే ఉన్న కాళ్ళు, వాటి మీద వెంట్రుక ఎటు పడుకుంటుందో నాకు తెలియదు. ఎడమ పిక్క మీద బాణాలు ఒక తీరు, కుడి పిక్క మీద ఇంకో తీరు. ఓసి నీ ఎక్స్‌ప్రెస్ మండిపోనూ, అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఐదో రోజు పొద్దున భూతద్దంలో కళ్ళు పెట్టినదాన్ని కెవ్వున అరిచాను.

"ఏంటి పిన్నీ? ఏమైంది?"

"వచ్చిందే! బయటికొచ్చిందే!"

మోకాలి వెనక ఒక పొక్కు మీద, సన్నటి నల్లటి కొస, చర్మం పైకి లేచి నిలబడింది. దానంతటదే! ఎవరూ గెలకలేదు, లాగలేదు. నేను ఎగిరి గంతేశాను. బుడగ అద్దంలో చూసుకోవడానికి మెడ తిప్పీ తిప్పీ, కనపడక, నా ఫోన్‌లో ఫొటో తీయించుకుని మరీ చూసింది. ఒక వెంట్రుక కోసం ఇద్దరు ఆడవాళ్ళు చేతులు పట్టుకుని గెంతడం ఆ మంచం ఎప్పుడైనా చూసిందా? ఆ రోజు లెక్క ఇరవై నాలుగు.

ఆరో రోజు డాక్టరమ్మ చూసి, "పుండ్లు రెండూ మానాయి. ఇక ఈదొచ్చు," అంది. గేటు దగ్గర చూపించడానికి ఒక కాగితం కూడా రాసిచ్చింది. బయటికి రాగానే విప్పి చదివాను. ‘పార్లర్‌లో వ్యాక్సింగ్ సరిగా చేయనందువల్ల లోపలికి పెరిగిన వెంట్రుకలు. అంటువ్యాధి కాదు. పుండ్లు మానాయి. ఈత కొట్టవచ్చు.’ మొదటి వాక్యం దగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి. కాగితం మడిచి, ఇంకా మడిచి, నా పర్సు అడుగున తోశాను. నా దగ్గరే ఉంటుందిలే అన్నాను. బుడగ సరేనంది.

తర్వాత లెక్క పదిహేనైంది, తొమ్మిదైంది. పొక్కులు పోయిన చోట నల్లటి మచ్చలు మిగిలాయి. అవి పోవడానికి నెలలు పడుతుందట, పోనీ. టెస్టుకి ముందు రోజు పొక్కులు నాలుగంటే నాలుగు. ఆ సాయంత్రం మా అక్క కొత్త రేజర్ కొనుక్కొచ్చింది.

"అందరూ నున్నటి కాళ్ళతో వస్తారు. ఇది ఇంత పొడుగు వెంట్రుకలేసుకుని వెళ్తుందా నలుగురిలోకి? ఎక్స్‌ప్రెస్ అక్క ఇంటి పిల్ల అని చెప్పుకోవడానికే సిగ్గు," అంది.

బుడగ రేజర్ వంక, నా వంక మార్చి మార్చి చూసింది. దానికీ మనసులో ఉంది, నాకు తెలుసు.

"ఉండనీ వెంట్రుకలు!" అని అరిచాను. "ఆ బ్లేడు కాలికి తగిలిందంటే ఈ ఇంట్లో ఎవరికీ మర్యాద దక్కదు. అది వెళ్ళేది ఈదడానికి, కాళ్ళు చూపించడానికి కాదు!" అరిచాక నాకే వింతగా అనిపించింది. కాలి మీద ఒక్క వెంట్రుక కనిపిస్తే అయ్యో అయ్యో అని ఈ వీధి ఆడవాళ్ళందరికీ సిగ్గు నేర్పింది నేనే మరి.

టెస్టు రోజు గేటు ముందు పొడుగాటి వరస. తువ్వాళ్ళు, సంచులు, తల్లులు. మా వెనకే టీచరమ్మ, వాళ్ళ అబ్బాయితో. ఇంకొంచెం వెనక నా పార్లర్ ముఖాలు మరో మూడు. నర్సు బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కరి చేతులూ కాళ్ళూ వీపూ చూసి, జాబితాలో టిక్కు పెట్టి పంపిస్తోంది. మా అక్క బుడగ సంచి పట్టుకుంది. నేను పర్సు పట్టుకున్నాను.

"కాళ్ళు చూపించమ్మా," అంది నర్సు. వంగి చూసింది. వెనక్కి తిప్పి చూసింది. "ఏంటీ మచ్చలు? ఈ పొక్కులేంటి?"

బుడగ నా వైపు చూసింది. తర్వాత వరస వైపు, టీచరమ్మ వైపు చూసింది. నేను పర్సు జిప్పు మీద చెయ్యి వేశాను. కానీ జిప్పు తీయలేదు. ఆ సంగతి ఇప్పుడు చెప్పుకోవడానికి కూడా నాకు మనసొప్పడం లేదు. తీయలేదు, అంతే.

"ఇంట్లో షేవింగ్ చేసుకున్నానండీ. నెల కిందట," అంది బుడగ.

"నీ బ్లేడుతోనేనా?"

"మా... ఫ్రెండుది."

నర్సు ముఖం మారిపోయింది. "ఒకరి బ్లేడు ఇంకొకరు వాడతారా? ఇలాంటివే ఒకరి నుంచి ఒకరికి అంటుకునేవి. ఇవి అంటుకోవని నేనెలా అనుకోవాలి? నిన్ను నీళ్ళలోకి వదల్లేను. పక్కకు నిలబడు." పెన్ను తీసింది. దాని పేరు మీద పెట్టింది.

మా అక్క, "అయ్యో తల్లీ," అంది. బుడగ ఏడవలేదు, అదే నన్ను కోసేసింది. పెదవి బిగబట్టి, తువ్వాలు గట్టిగా పట్టుకుని పక్కకు జరగబోయింది. నన్ను కాపాడ్డానికి! ఏడాది పాటు తెల్లారకముందే లేచిన పిల్ల, ఆఖరి అవకాశం చేజారిపోతుంటే, నా పార్లర్ పేరు చెడిపోకూడదని అబద్ధమాడింది!

"ఆగండి!" అన్నాను. వరసంతా తిరిగి చూసేంత గట్టిగా అన్నాను. "ఆ గీత గీయకండి! బ్లేడూ లేదు, ఫ్రెండూ లేదు. నేను చేశాను! ఎక్స్‌ప్రెస్ అక్కని, వ్యాక్సింగ్ నేనే చేశాను, తప్పుగా చేశాను. ఎటు పడితే అటు లాగాను. వెంట్రుకలు లోపల తెగిపోయి లోపలికే పెరిగాయి. ఇదిగో డాక్టర్ కాగితం!"

ఎన్ని మడతలు పెట్టానో, విప్పుతుంటే తెలిసింది. నర్సు కాగితం చదివింది. ఒక్కో అక్షరం తీరిగ్గా చదివింది. తర్వాత మళ్ళీ వంగి, ఒక్కో మచ్చా నొక్కి చూసింది.

"ఇది ముందే చూపించొచ్చు కదమ్మా?"

"బుద్ధి లేక," అన్నాను.

నర్సు పెన్ను కదిలింది. టిక్కు!

మా అక్క నా భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "పూల్ నీళ్ళ వల్లన్నావు కదే! పదకొండు రోజులు నా చేత దాన్ని తిట్టించావు కదే!"

"తిట్టు. ఇప్పుడు నన్ను తిట్టు, ఎంతసేపైనా తిట్టు. ముందు దాన్ని లోపలికి పోనీ!"

టీచరమ్మ మధ్యలో దూరింది. "ఏమండీ, అయితే నాకు ప్రతి నెలా లేచేవి కూడా..."

"అవీ నావేనండీ. మీ చర్మం బంగారం. ఎల్లుండి రండి, సరిగ్గా చేస్తాను. గంట పడుతుంది."

"గంటా!" అంది టీచరమ్మ.

బుడగ అప్పటికే లోపలికి పరిగెత్తింది.

ఈల వేయగానే దూకింది. మేం మెట్ల మీద నిలబడ్డాం, కూర్చుంటే కదా! ఒకటి, రెండు, మూడు. మంచం మీద గాల్లో ఈదిన చేతులు ఇవేనా? ఐదోసారికి కొంచెం నెమ్మదించింది. ఐదారు రోజులు నీళ్ళకు దూరంగా ఉంది మరి, ఊపిరి అందడం లేదు. "లాగు! లాగవే!" అని గొంతు చించుకున్నాను. మా అక్క తిట్టడం మరిచిపోయి నా చెయ్యి గిల్లేస్తోంది. ఎనిమిదోసారి అయ్యేసరికి గోడ గడియారంలో నాలుగు నిమిషాల నలభై.

మునిగింది. నీళ్ళ అడుగున మసక మసకగా కనిపిస్తోంది. పైకి వచ్చింది, ఉత్త చేతులతో! గుక్క పీల్చి మళ్ళీ మునిగింది. ఐదు నిమిషాల పది. పదిహేను. ఇరవై. పసుపు రంగు రబ్బరు తల ముందు తేలింది, తర్వాత మా బుడగ తల. బొమ్మ గడ్డం కింద చెయ్యేసి, వెల్లకిలా, కాళ్ళతో నీళ్ళు తన్నుతూ, తన్నుతూ... ఆ కాళ్ళ మీద నాకు వెంట్రుకలు కనిపించలేదు, మచ్చలు కనిపించలేదు. తన్నడం ఒక్కటే కనిపించింది. ఒడ్డుకి చెయ్యి తగిలింది.

"ఐదు యాభై ఎనిమిది!" అని అరిచాడు గడియారం పట్టుకున్నాయన.

రెండు సెకన్లు! రెండంటే రెండు సెకన్ల తేడాతో గెలిచింది! మా అక్క అక్కడే కూలబడి ఏడ్చింది. ముందు నేనూ ఏడ్చాను, తర్వాత నవ్వాను. ఆయన బుడగ దగ్గరికి వెళ్ళి, ఎర్ర తాడున్న ఈల దాని మెడలో వేశాడు. ఇక నాకు ఒంటి మీద తెలివి లేదు. చెప్పులు వదిలేసి, మెట్లు దిగి, తడి గచ్చు మీద పరుగో పరుగు. పడితే పడ్డాను, దాన్ని పట్టుకోవాలి నేను!

కీచుమని ఈల మోగింది. చూస్తే ఈల దాని నోట్లోనే ఉంది. ఒంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి, కళ్ళలో ఏడుపు, మూతి మీద నవ్వు.

"పిన్నీ! ఇక్కడ పరిగెత్తకూడదు! నెమ్మదిగా నడిచిరా!"

ఆగాను. పదిహేనేళ్ళుగా ఎవరూ ఆపలేని దాన్ని, ఉన్నచోటే ఆగిపోయాను. తర్వాత ఒక్కో అడుగూ చూసి వేస్తూ, నెమ్మదిగా దాని దగ్గరికి నడిచి వెళ్ళాను.